రెండు సద్దులు చూసిన తాంబాలం

సమ్మె మొదలైన నాలుగో రోజుకే నాకు పిచ్చెక్కింది. బస్సు కండక్టరుకు టికెట్లు కొట్టడం చిన్న పని, అసలు పని మాట్లాడటం. పొద్దున జగిత్యాలలో ఎక్కినవాళ్లకు చెప్పిన కథ, సాయంత్రం సిరిసిల్లలో దిగేవాళ్లకు చెప్పేసరికి కాళ్లూ తోకా మొలిపించుకుని ఉండేది. పదహారేళ్లు అలా నోరు ఆడించిన మనిషిని, సకల జనుల సమ్మె, తెలంగాణ వచ్చేదాకా చక్రం కదలదు అని బస్సులన్నీ డిపోలో పెట్టి కూర్చోబెడితే ఏమైపోతాడు? పొద్దంతా డిపో ముందు టెంటులో నినాదాలిచ్చేవాణ్ని. నినాదంలో కథ ఉండదు. అందరూ ఒకటే మాట అనాలి, అదీ ఒకేసారి.

ఇంటికొచ్చి మా ఆవిడకు ఏదైనా చెబుదామని కూర్చుంటే ఆమె చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అనేది:

"గిది పోయినేడు చెప్పినవ్. అప్పుడు పులి ఒక్కటే. ఇప్పుడు రెండైనయ్."

అట్లా పాత సామాన్ల వ్యాపారంలోకి దిగాను.

కోరుట్లలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ లేదు. వాళ్లు తెచ్చిన టేపు రికార్డర్లు, ఫ్లాస్కులు, గోడ గడియారాలు పదేళ్లకు మోజు తీరి పాత సామాన్ల దుకాణం చేరతాయి. స్టీలు గిన్నెలు వచ్చాక ఇళ్లలోంచి బయటపడ్డ ఇత్తడి కూడా అక్కడికే. దుకాణదారుకు అన్నీ ఒకటే, తరాజులో పెట్టి కిలోల లెక్కన ఇచ్చేవాడు. నేను స్కూటరు మీద జగిత్యాల తెచ్చి, ఇంటర్నెట్లో పాత వస్తువులు అమ్ముకునే ఒక వెబ్‌సైటులో ఫోటోలు పెట్టేవాణ్ని. తూకంతో కొని కథతో అమ్మడం, అంతే నా వ్యాపారం.

నాకు ఇంగ్లీషు రాదు. మా ఊరి గడియారం టవర్ దగ్గరి సందులో ఒక ముసలి టైపింగు సార్ ఉండేవాడు. టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక మిషన్లు తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టుకున్నాడు. నేను తెలుగులో చెబుతుంటే ఆయన పది వేళ్లతో ఇంగ్లీషులో కొట్టేవాడు. నా అబద్ధంలో ఆయన ఒక్క కామా కూడా తప్పు పోనిచ్చేవాడు కాదు.

దుబాయి టేపు రికార్డరుకు, ఒక షేకు ఒంటె దీంట్లో పాట వింటేనే పాలిచ్చేదని రాయించాను. రెండు రోజుల్లో పోయింది. ఇత్తడి ఉమ్మితొట్టి ఒకటి దొరికితే, దొరసాని జలకమాడాక గులాబీ నీళ్లు చల్లుకున్న పాత్ర అన్నాను. హైదరాబాదులో ఒకావిడ పూలు పెట్టుకోవడానికి కొనుక్కుంది.

సార్ టైపు ఆపి నా వైపు చూశాడు. "ఉమ్మితొట్టిల పూలు పెట్టుకుంటదానయ్యా ఆమె?"

"పూలకేమన్న ఎరికనా సార్?"

ఆయన ఒక క్షణం ఆలోచించి, "గదీ నిజమే" అని మళ్లీ మొదలుపెట్టాడు.

వ్యాపారం పెరిగిన కొద్దీ ఇల్లు తగ్గింది. మాది రెండు గదుల అద్దె ఇల్లు, ముందు చిన్న వరండా. ఎండ తగిలేది ఆ వరండాలోనే. అదంతా నా సరుకే. బతుకమ్మ పండుగ వచ్చింది. మా ఆవిడ అటక మీది ఇత్తడంతా దించి చింతపండు వేసి తోమి, ఆరబెట్టడానికి ఎండ కోసం వెతుక్కుంది. దొరకలేదు. తిట్టుకుంటూ నా ఇత్తడి కుప్ప మీదే బోర్లించింది. ఇందులో తప్పెవరిదని నన్నడిగితే నాకు ఇప్పటికీ ఒక అభిప్రాయం ఉంది. కానీ ఆమె ఇది చదువుతుంది.

ఆ మధ్యాహ్నమే ఫోనొచ్చింది. సిరిసిల్ల నుంచి, ఎవరో పెద్దావిడ గొంతు. వెనక ఏదో టకటకమని మోత.

"ఇత్తడి పళ్లాలు ఐదున్నయని పెట్టినవు గద, అన్ని నాకే గావాలె. మా బట్ట దించి ఒక ట్రాలీ ఆటో జగిత్యాల నుంచి మళ్ల అస్తది, అండ్ల ఎయ్యి."

సాయంత్రం ఆటో వచ్చింది. డబ్బు చేతిలో పడింది. కుప్పలోంచి పళ్లాలన్నీ ఎత్తి నేనే ఆటోలో పేర్చాను. లెక్కపెట్టలేదా అంటారు. పదహారేళ్లు మనుషుల్ని లెక్కపెట్టాను. పళ్లాల్ని కూడా లెక్కపెట్టాలని తోచలేదు.

బతుకమ్మ ఆరో రోజు ఆట ఉండదు, ఆ రోజు బతుకమ్మ అలిగి కూర్చుంటుందంటారు. ఆ ఏడు అలిగింది బతుకమ్మ ఒక్కతే కాదు.

"నా తాంబాలమేది?"

మా ఆవిడ వరండాలో నిలబడి అడిగింది. చివరి రోజు సద్దులకు పెద్ద బతుకమ్మను పేర్చే ఇత్తడి తాంబాలం అది.

"ఎట్లుంటది గది?" అన్నాను.

అడగకూడని ప్రశ్న అని అడిగాక తెలిసింది. ఇరవై ఏళ్లు ఏటా ఒకసారి ఆ తాంబాలాన్ని చూశాను నిజమే. కానీ ఎప్పుడూ పూల కింద ఉండేదాన్ని ఎవరు చూస్తారు?

"అంచుకు తామర రేకులుంటయ్. నడుమ సొట్ట ఉంటది" అంది మెల్లగా. "అమ్మ పోయినంక తల్లిగారింటి నుంచి నాకని మిగిలింది గదొక్కటే. అది లేకుంట నేను సద్దులకు పోను. ఇంట్లనే కూసుంట. అడిగినోళ్లకు నువ్వే జెప్పుకో."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. మూడు రోజుల్లో సద్దులు.

నోరు ఊరుకుంటుందా? "డిపో కాడ టెంట్ల ఆడోళ్లు బతుకమ్మ ఆడుతరని అడిగితే ఇచ్చిన. తెస్త" అన్నాను. అని, నేరుగా సార్ దగ్గరికి పరుగెత్తాను.

సార్ కంప్యూటరు తెరిచాడు. ఐదూ ఒకేసారి కొన్నావిడ మళ్లీ అమ్మడానికే కొని ఉంటుందని, ఆ వెబ్‌సైటులో సిరిసిల్ల నుంచి అమ్మకానికి ఏమున్నాయో వెతికాడు. ఉంది. తామర రేకులు, నడుమ సొట్ట, మా ఆవిడ చింతపండు మెరుపు. కింద రాసింది సార్ తెలుగు చేసి చదివి వినిపించాడు. మూడు వందల ఏళ్ల కిందట ఒక సంస్థానం దొరసాని బతుకమ్మ ఆడుతుండగా శత్రువులు వచ్చి పడ్డారట. ఆమె పూలు విసిరేసి తాంబాలాన్నే డాలుగా పట్టిందట. నడుమ ఉన్న సొట్ట శత్రు సర్దారు కత్తి వేటు అట. ఆ వేటుకు కత్తి విరిగిందట గానీ దొరసాని పాట మాత్రం ఆగలేదట.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. భయంతో కాదు, అసూయతో. ఇన్నేళ్లలో నాకు ఒక్క కత్తి తోచలేదు.

"నీకంటే మంచిగ రాస్తుండ్రయ్యా" అన్నాడు సార్. ఆయనకు కూడా నా మీద జాలేసింది.

ఫోను చేస్తే విషయం తెలిసిపోయి ధర పెరుగుతుంది. అందుకని మర్నాడు పొద్దున్నే, తాంబాలం కోసం పోతున్నానని మాత్రం మా ఆవిడకు చెప్పి స్కూటరు తీశాను. బస్సులో అయితే నేను కథ మొదలుపెట్టి ముగించేలోపు సిరిసిల్ల వచ్చేది. ఆ రోజు రోడ్డు మీద ఎక్కడ చూసినా బండలు, చెట్టు కొమ్మలు, రాస్తారోకోలు. ఆపినచోటల్లా, డిపో మనిషిని, సమ్మెలో ఉన్నాను అని చెప్పి బయటపడ్డాను. బస్సులు ఆపినవాళ్లలో నేనూ ఒకణ్నే కదా, ఎవర్ని తిట్టుకోవాలో తెలియక నన్నే తిట్టుకున్నాను.

సిరిసిల్లలో ఆ పెద్దావిడ ఇంట్లో నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. నాలుగూ కలిసి చేసే మోతలో మన ఊపిరి మనకు వినబడదు. ఆవిడకు అరవై దాటి ఉంటాయి, ముక్కుకు పుడక, చేతిలో తెగిన దారం. తాంబాలం ఎదురుగా గోడకు మేకు మీద వేలాడుతోంది.

దారిలో మంచి కథ ఒకటి అల్లుకుని వచ్చాను. దాన్ని అరిచి చెప్పాల్సి వస్తుందనుకోలేదు.

"పెద్దమ్మా! నేను మ్యూజియం నుంచి అచ్చిన!"

"ఇనవడ్తలే! గట్టిగ జెప్పు!"

"మ్యూజియం! పాత వస్తువులు పెడ్తం! గీ తాంబాలం గావాలె!"

"ఏ ఊరి మ్యూజియం?"

"ఢిల్లీ!"

"ఢిల్లీల ఏడ?"

అబద్ధాన్ని చెవి దగ్గర మెల్లగా చెప్పాలి. మధ్యలో ఒకసారి అటూ ఇటూ చూడాలి, గొంతు తగ్గించాలి. అరిచి చెబితే దానికి పస ఉండదు. నాకు ఢిల్లీలో ఒక్క వీధి పేరు గుర్తుకు రాలేదు.

"పెద్ద రోడ్డు మీదనే!" అని అరిచాను.

ఆవిడ నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. చెప్పులు చూసింది. ఒక ధర చెప్పింది. ఐదు పళ్లాలకు ఆవిడ నాకిచ్చిన దానికి అది నాలుగింతలు.

"నా కాడ గన్ని లెవ్వు పెద్దమ్మా!"

"మ్యూజియమోనివి, నీ కాడ లేకుంటే ఇంకెవల కాడుంటయ్? కత్తి దెబ్బ దిన్న తాంబాలం గిది!"

"కత్తీ లేదు, గిత్తీ లేదు! నీకెట్ల జెప్పాలె!"

"ఇనవడ్తలే!"

నా ఓపిక అయిపోయింది. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఊళ్లో ఉన్న సాంచాలన్నిటి కంటే గట్టిగా అరిచాను. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి, కరెంటుకు వేళాపాళా లేని రోజులు. నేను నోరు తెరిచిన క్షణానే కరెంటు పోయింది. ఆ ఇంట్లోనే కాదు, వీధి వీధంతా ఒక్కసారి గప్‌చుప్ అయింది. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే మోగింది:

"నా పెండ్లాం తాంబాలం చూసుకోకుంట అమ్ముకున్ననే తల్లీ!"

గోడ అవతలి ఇంట్లోంచి ఒక ఆడగొంతు వినబడింది. "అయ్యో, ఎంతకమ్మినవ్ కొడుకా?"

పెద్దావిడ గద్దె మీద కూర్చుంది. "ఐదు పళ్లాలకు పైసలిస్తే ఆరు అచ్చినయ్. జగిత్యాలోల్లు గింత మంచోళ్లా అనుకున్న. గిదా సంగతి?"

"గిదే సంగతి పెద్దమ్మా."

"ఎట్ల నమ్మాలె? ఇప్పటిదాంక మ్యూజియమన్నవ్. ఇప్పుడు పెండ్లామంటున్నవ్. జరసేపాగితే గౌరమ్మకు తమ్మున్నంటవ్."

నిజం చెప్పి నమ్మించుకోలేకపోవడం నాకు అదే మొదటిసారి. అలవాటు లేని పని.

"ఫోన్ గలుపు నీ పెండ్లానికి" అంది.

దానికంటే నాలుగింతల ధరే నయమనిపించింది. కానీ అప్పటికి గుమ్మంలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరారు. వాళ్ల ముందు ఫోను కలపక తప్పలేదు. కలిపి ఆవిడ చేతికిచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"బిడ్డా, సిరిసిల్ల నుంచి మాట్లాడుతున్న. నీ తాంబాలం నా కాడున్నది… ఆఁ, గీయననే. గీన్నే నిలవడ్డడు… లేదు, ఇంక కొట్టలే. దానికి గుర్తేంది జెప్పు… సొట్టనా? ఉన్నది. ఎట్ల వడ్డది?"

అవతల మా ఆవిడ ఏం చెప్పిందో గానీ పెద్దావిడ నవ్వు ఆపుకోలేక ఫోను పక్కవాళ్లకిచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత మేకు మీదినుంచి తాంబాలం తీసి నాకు సొట్ట చూపించింది.

"నీ బామ్మర్ది చిన్నగున్నప్పుడు గుట్ట మీదికెల్లి దీన్ల కూసోని జారిండట. కింద బండ తాకిందట. పాయె, నా కత్తి వేటు పాయె!"

మా బావమరిది ఇప్పుడు తొంభై కిలోల బడిపంతులు. ఆ సొట్టను చూశాక ఆయనంటే నాకు కొత్తగా గౌరవం కలిగింది.

పైసలు ఇవ్వబోతే పెద్దావిడ చేయి తోసేసింది. తల్లిగారిచ్చిన తాంబాలానికి బేరమేంది అంది. వట్టి తాంబాలం పంపకూడదని పసుపూ కుంకుమా, ఒక రవిక గుడ్డ, రొట్టె, బెల్లం కలిపి పిసికిన ఐదు మలీద ముద్దలు పెట్టి మూట కట్టింది.

"ఆమె నాతోని ఏమన్న మాట్లాడుతనన్నదా?" అడిగాను.

"అనలే. తాంబాలం లేకుంట గడప తొక్కద్దన్నది. గా ఒంటె ముచ్చట రాసింది నువ్వేనా?"

"నేనే."

"మంచిగున్నది. జర పొడుగైంది."

తాంబాలం స్కూటరు వెనక తాడుతో కట్టుకుని బయల్దేరాను. పనంతా అయిపోయినట్టే అనిపించింది. రెండు రోజుల ముందే ఇల్లు చేరుతున్నాను. ఆ సంబరంలో ఒక సంగతి మరిచిపోయాను. ఆ దారిన పదహారేళ్లు తిరిగినవాణ్ని, మరిచిపోకూడనిది. అన్ని ఊళ్లలో సద్దులు తొమ్మిదో రోజు. వేములవాడలో మాత్రం ఏడో రోజే. ఆ రోజు ఏడో రోజు.

వేములవాడలో రోడ్డుకు అడ్డంగా రెండు వందల మంది ఆడవాళ్లు కూర్చున్నారు. పక్కన గునుగు, తంగేడు, బంతి పూలు గుట్టలుగా. రోడ్డు మధ్యలో నిలువెత్తు బతుకమ్మను పేర్చి, ఎవడు బండి కదిలిస్తాడో చూస్తామని పంతం. పూలు ఉన్నాయి, అంత పెద్ద బతుకమ్మను మోసే తాంబాలమే లేదు. సరిగ్గా అప్పుడు నేను వచ్చాను, వెనక ఎండకు తళతళలాడుతున్న తాంబాలంతో.

"ఏ అన్నా, ఆగు!" ముందున్న ఒకావిడ చేయి అడ్డం పెట్టింది. "గా తాంబాలం ఏడికి?"

"ఇంటికి అక్కా. నన్ను పోనియ్యిండ్రి, నేను డిపో మనిషిని. సమ్మెల ఉన్న."

పొద్దుటినుంచీ ప్రతిచోటా పనిచేసిన మాట అది.

"గట్లయితే మనోడే!" అంది ఆవిడ వెనక్కి తిరిగి. "దించుండ్రే తాంబాలం!"

"మా ఆమెది అక్కా! ఎల్లుండి మాకు సద్దులు!"

"మాకు ఇయ్యాలనే. పొద్దుమీకి ఇస్తం. తెలంగాణకు ఒక్క పూట తాంబాలం ఇయ్యవా?"

అప్పటికే తాడు విప్పారు. రవిక గుడ్డ నా భుజాన వేశారు. మలీద ముద్దలు పంచుకున్నారు, నాకూ ఒకటి ఇచ్చారు. నేను రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, నా తాంబాలం మీద వరుస మీద వరుస లేస్తుంటే చూశాను. బతుకమ్మ నా భుజం దాటింది, తల దాటింది. అటు లారీలు, ఇటు జీపులు. వాటి మధ్య ఆడవాళ్లు వలయం తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే, నిజం చెప్పొద్దూ, కాసేపు ఇల్లు కూడా గుర్తురాలేదు.

పొద్దు వాలుతుంటే నలుగురు కలిసి దాన్ని ఎత్తుకుని చెరువుకు నడిచారు. నేను వెంటే ఉన్నాను. పూలను నీళ్లలోకి వదిలి తాంబాలం వెనక్కి తీసుకోవడం రివాజు. నాకు తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"తాంబాలం మళ్ల ఇస్తరు గదక్కా?"

"ఏమోనన్నా. గింత బరువున్నది, బతుకమ్మతోని గదీ పోతదేమో."

వేళాకోళమని తెలుసుకునే స్థితిలో లేను. వాళ్లు నీళ్లలో దిగి బతుకమ్మను వంచగానే నేనూ మెట్లు దిగాను. మెట్టు మీద పాచి ఉంది. తర్వాత నీళ్లు, పూలు, ఎవరిదో కొంగు. లేచి చూసుకుంటే నడుములోతు నీళ్లలో తాంబాలాన్ని రెండు చేతులా కావలించుకుని నిలబడి ఉన్నాను, నెత్తి మీద గునుగు పూల కట్ట.

ముందున్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసి అడిగింది. "నీకు గూడ పాట పాడాలెనా అన్నా?"

ఇల్లు చేరేసరికి మా ఆవిడ గడపలోనే కూర్చుని ఉంది. తాంబాలం తీసుకుని సొట్ట మీద వేలు పెట్టి చూసుకుంది. అంచున తామర రేకుల సందులో ఒక తంగేడు పువ్వు అతుక్కుని ఉంది. దాన్ని గిల్లి దీపం వెలుగులో పట్టుకుంది.

"గిది సద్దులు ఆడిన తాంబాలం. ఎవలాడిండ్రు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను, ఒక్క పులీ లేకుండా. ఆమె నా తడి ప్యాంటు చూసింది. "పండుకో పో" అంది. మర్నాడంతా అంతకు మించి ఒక్క మాట లేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె బతుకమ్మే మా వాడలో అన్నిటికంటే ఎత్తుగా లేచింది. ఆట చోటికి నేనే మోసుకెళ్లాను. ఆట ముగిసి పూలు నీళ్లలో కలిశాక, ఆడవాళ్లు ప్రసాదాలు పంచుకుంటూ కూర్చున్నారు. మా పక్కింటావిడ ఖాళీ తాంబాలం తిప్పి చూసి అడిగింది.

"తాంబాలం పోయిందంటిరి గద వదినే? గీ సొట్టేంది?"

నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నా పరువు మా ఆవిడ నాలుక చివర ఉంది. అమ్ముకున్నాడు అంటే చాలు, డిపోలో చివరి డ్రైవరు దాకా తెలుస్తుంది.

"పోవుడేంది?" అంది మా ఆవిడ ప్రసాదం పెడుతూ. "ఏములాడోల్లు ఏడొద్దుల సద్దులకు పట్టుబట్టి అడిగితే గీయననే తీస్కవోయిండు. ఆడ రోడ్డు మీద పోలీసోళ్లు అడ్డం అచ్చిండ్రట. లాఠీ లేపిండ్రట. గీయన నెత్తి మీద పడేది. తాంబాలం అడ్డం పెట్టిండు."

గొంతు తగ్గించింది. అటూ ఇటూ చూసింది.

"లాఠీ ఇరిగిందట."

ఆడవాళ్లందరూ తలలు తిప్పి నా వైపు చూశారు. నాకేం చేయాలో తోచక తల నిమురుకున్నాను. మా ఆవిడ మాత్రం నా వైపు చూడలేదు. ఇంకో గిన్నె మూత తీస్తోంది.

మర్నాడు డిపో టెంటుకు వెళ్లేసరికి కథ నాకంటే ముందే చేరింది. మెడలో బంతిపూల దండ వేశారు, మైకు చేతికిచ్చారు, లాఠీ దెబ్బ ఎట్లా తప్పించుకున్నావో చెప్పమన్నారు. మూడు వందల మంది ఎదురుగా కూర్చుని ఉన్నారు. నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు.

"మా ఆమెను పిలిపియ్యుండ్రి" అన్నాను మైకులో. "గది ఆమెకే మంచిగెరిక."